గుడ్డ కప్పిన గంప

ఆ చర్చి మందిరంలో ఇరవై మూడు బల్లలున్నాయి. ఒక్కదాని మీద కూడా జెరూష పేరు లేదు. అది సంఘం చేసిన తప్పు. ఆ విషయంలో శామ్సన్‌కు ఇంకొకరి అభిప్రాయం అక్కర్లేదు.

శనివారం పొద్దున ఎనిమిదికే అతను ఐదో బల్ల వెనక గొంతుక్కూర్చుని, ఉప్పుకాగితంతో ఒక పేరును రుద్దుతున్నాడు. పేరు పక్కన 'రిటైర్డ్ హెడ్మాస్టరు' అని ఉంది. ఆ మాట పట్టడానికి అప్పట్లో అక్షరాలు సన్నం చేయాల్సి వచ్చింది. రాసింది తనే. ఇరవై మూడూ తన రాతే.

రేపల్లె దగ్గరి పల్లెలో, మిషన్ బడిలో ఐదో తరగతి దాకా దిద్దిన చెయ్యి అది. ముప్ఫై ఏళ్ళుగా స్టూడియోల్లో సెట్లకు రంగులు వేస్తున్నాడు. ప్లైవుడ్డును పాలరాయి చేస్తాడు. నిన్న లేచిన గోడకు నలభై ఏళ్ళ చెమ్మ పట్టిస్తాడు. సినిమాలో వీధి కనిపిస్తే కిళ్ళీకొట్టు బోర్డు మీద అక్షరాలు అతనివే. తెర మీద వాటిని ఎవరూ చదవరు. అయినా తలకట్టు ఒరిగితే అతను ఊరుకోడు. ఫిల్మ్‌నగర్‌లో అతని అక్షరాన్ని తప్పుపట్టినవాడు లేడు.

బల్లలు ఇచ్చినవాళ్ళు జూబ్లీహిల్స్ బంగళాల వాళ్ళు. ఎవరి బల్ల మీద వాళ్ళు కూర్చునేవారు. కింద బస్తీ నుంచి వచ్చేవాళ్ళకు చాపలు. అతని భార్య జెరూష పదిహేడేళ్ళు చాప మీద కూర్చుంది. ఆమె పోయి పది నెలలైంది.

పేర్లు తీసేయాలన్నది కొత్తగా వచ్చిన పాస్టరు, ఆస్టిన్ అయ్యగారు. మూడు ఆదివారాలు అదే ప్రసంగం. మొదటి విశ్వాసులు తమకున్నది తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర ఒకే కుప్పగా పోసేవారట. కుప్పలో ఎవరిదేదో ఎలా తెలుస్తుంది అన్నాడాయన. పౌలు రాసిన గ్రీకులో కృపకూ కానుకకూ కృతజ్ఞతకూ ఒకటే మాట అని కూడా చెప్పాడు. తెలుగులో మూడు మాటలున్నాయి, తెలుగే నయం అనుకున్నాడు శామ్సన్.

బంగళాల వాళ్ళు గొణిగి చివరికి ఒప్పుకున్నారు. చెరపడానికి శామ్సన్ కూలి వద్దన్నాడు. అతని మనసు మెత్తబడిందని సంఘం సంతోషించింది. మెత్తబడలేదు. అన్ని పేర్లూ ఊడాక మొదటి బల్ల మీద ఒక్క పేరు రాస్తాడు. రేపు పొద్దున ఆ పేరు ఒక్కటే ఉంటుంది. అందరూ చదువుతారు. దానికోసం వచ్చాడు.

పది గంటలకు సెట్ నుంచి యాదగిరి ఫోను చేశాడు. అతని చేతి కింద పనిచేసే పెయింటరు.

"అన్నా, ఏడున్నవ్? కోట గోడ కొత్తగనే కనవడుతుందని డైరెక్టర్ సార్ లొల్లి చేస్తుండు."

"డికాషను చల్లి, తడి మీద బూడిద వెయ్యి. ఎండేదాకా ముట్టుకోకు."

"గంతేనా? నువ్వొస్తే మంచిగుంటది."

"ఇవాళ రాను."

వెనక గుమ్మం దగ్గర పుష్పకుమారి చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. స్త్రీల కూటానికి ఆమె పెద్ద. మర్నాడు ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. ఆ బియ్యం ఆడవాళ్ళు తెచ్చినవే. వండేటప్పుడల్లా పిడికెడు పక్కకు తీస్తారు. వారమంతా తీసింది ఆదివారం సంచిలో తెస్తారు. గుమ్మం పక్కన గుడ్డ కప్పిన గంప ఉంటుంది. గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి సంచి బోర్లించి వెళ్ళిపోతారు. మగవాళ్ళు అటు పోరు.

"ఏం తమ్ముడూ, హెడ్మాస్టరు గారు ఊడారా?"

"మొండోడక్కా. రెండు కాగితాలు తినేశాడు."

"బతికున్నప్పుడూ అంతే. ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే కూర్చునేవాడు కాదు."

శామ్సన్ ఇంకో కాగితం మడిచాడు.

మూడు గంటలకు ఇరవై మూడో పేరు కూడా పొడి అయి నేల మీద పడింది. అతను చేతులు కడుక్కుని మొదటి బల్ల దగ్గరికి వచ్చాడు. స్కేలు ఆనించి, పెన్సిలుతో వెనక చెక్క మీద పొడుగ్గా రెండు గీతలు గీశాడు.

"మళ్ళీ గీతలెందుకు?" అంది పుష్పకుమారి.

"జెరూష పేరు రాయడానికి."

చేట ఆగింది. "వద్దు తమ్ముడూ."

"ఎందుకొద్దు? ఇక్కడ శ్లాబు పోసినప్పుడు మూడు వారాలు కూలీలకు అన్నం వండింది ఎవరు? బల్ల ఇచ్చినోడు ఒకసారి ఇచ్చాడు. అది రోజూ ఇచ్చింది. దాని పేరు రాయించడానికి మీకు నోరు రాలేదు."

"వచ్చింది. అప్పుడే రాయిద్దామన్నాం. అదే వద్దంది."

"అబద్ధం."

"నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఇప్పుడు నువ్వే చెప్పిస్తున్నావు." ఆమె ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "ఆ గంప మీద గుడ్డ ఎందుకో తెలుసా నీకు?"

"ఎవరు ఎంత పోశారో కనబడకుండా."

"మగాళ్ళంతా అదే అనుకుంటారు. గుడ్డ కిందికి ఖాళీ సంచి పోయి, నిండు సంచి బయటికొస్తుంది. అలా తీసుకెళ్ళేవాళ్ళూ ఉంటారు. పోసిందెవరో తీసిందెవరో పక్కనున్నదానికి కూడా తెలియదు. ఇచ్చినదాని పేరు బల్ల మీదికెక్కితే, తీసుకున్న మనిషి మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతుందా అంది జెరూష."

"తీసుకున్నవాళ్ళ సంగతి దానికెందుకు?"

పుష్పకుమారి తలెత్తి చూసింది. "శ్లాబుకు ముందు, షూటింగులు ఆగిపోయిన ఏడాది, యూనియన్ వాళ్ళు సరుకుల సంచి తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపావు కదా. ఆ ఎనిమిది నెలలూ మీరేం తిన్నారనుకున్నావు?"

శామ్సన్ చేతిలో స్కేలు బల్ల మీద పెట్టాడు.

బోరబండ ఇంట్లో ఆ ఎనిమిది నెలల్లో ఒక్క పూట పొయ్యి ఆరలేదు. శామ్సన్ కొంప ఎవరి ముందూ చెయ్యి చాపలేదని అతను టీకొట్టులో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. బియ్యం ఎక్కడివని అడిగితే, సర్దుతున్నా అనేది జెరూష.

ఆమె పోయిందీ ఒక శనివారమే. ఎసట్లో బియ్యం పోసి, గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం పొంగుతుంటే అతనే లేచి దించాడు. దించానని చెప్పడానికి తిరిగి చూస్తే, ఆమె వినే స్థితిలో లేదు.

అతను రంగుడబ్బా మూత నొక్కి, కుంచె గుడ్డలో చుట్టి బయటికి నడిచాడు. తనకు చెప్పనందుకు జెరూషను క్షమించలేదు. తనకంటే పొగరున్న మనిషితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశానని మాత్రం కొండ దిగుతుంటే తెలిసింది. మెడ నిటారుగా పెట్టుకునే దిగాడు.

మర్నాడు ప్రేమవిందులో చాప మీద కూర్చున్నాడు. ఆకులో పెట్టింది మెతుకు వదలకుండా తిన్నాడు.

"శామ్సన్ గారూ, ముందు బల్ల మీద ఆ గీతలేంటండీ?" అని ఆస్టిన్ అయ్యగారు అడిగాడు.

"గీతలేనండీ" అన్నాడు.

పేరు సంగతి అతను మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. మొదటి బల్ల వెనక చెక్క మీద రెండు పెన్సిలు గీతలు, వెంట్రుకవాసి వంకర లేకుండా, మధ్యలో వేలెడు ఖాళీ.