అమలమ్మ అడిగిన నలుపు తెలుపు

మూడు నెలలుగా నా బుర్ర ఒక్క ప్రశ్న చుట్టూ గానుగెద్దులా తిరుగుతోంది. కెమెరా మార్చాలా, వద్దా? గన్నవరంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా కాంతి పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఇంత చిన్న సంగతి తేల్చుకోలేకపోవడం నాకే సిగ్గుగా ఉంది.

నేను తీసేవన్నీ నలుపు తెలుపు ఫోటోలు. కాలవ గట్లు, బర్రెలు, బస్టాండులో కునికే ముసలివాళ్లు. చూసినవాళ్లు బాగున్నాయంటూనే, రంగుల్లో తీస్తే ఇంకా బాగుండేవని ఒక ముక్క తగిలిస్తారు. అలాంటి నన్ను మా కాలేజీ ఆయా అమలమ్మ తన ఫోటో నలుపు తెలుపులో తీసిపెట్టమని అడిగేసరికి ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

ఆమె భర్త మరియదాసు పోయి ఇరవయ్యేళ్లయింది. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆలోగా ఆయన సమాధికి గ్రానైటు వేయిస్తోంది. పక్కన తన చోటు ముందే ఉంచుకుంది కాబట్టి, రాయి మీద ఇద్దరి ఫోటోలకూ పక్కపక్కనే గుంటలు చెక్కిస్తోంది. బతికుండగా ఇదేం పనని కూతురు స్టెల్లా పోరుపెట్టినా వినలేదు. తను పోయాక ఆ హడావుడిలో ఆధార్ కార్డు ఫోటో అతికించేస్తారని ఆమె భయం.

"మా ఆయన ఫోటో ఎట్టా ఉందో నాదీ అట్టాగే ఉండాలి మాస్టారూ" అంది.

మూడుసార్లు తీశాను. మూడుసార్లూ చప్పగా వచ్చింది. ముఖం బూడిద, చీర బూడిద, వెనక గోడ కూడా బూడిదే. కంప్యూటర్లో నలుపు పెంచితే బుగ్గల మీద ఇసక చల్లినట్టు చుక్కలు లేచాయి. ఆమెకు చూపించడానికి మనసొప్పలేదు. తప్పంతా పదకొండేళ్ల నా కెమెరాదేనని తీర్మానించుకున్నాను.

అక్కణ్ణించి మొదలైంది తికమక. యూట్యూబులో ఒకాయన కెమెరా మార్చమన్నాడు. ఇంకొకాయన లెన్సు మార్చమన్నాడు. మూడో ఆయన, ఏదీ మార్చొద్దు, ముందు చూపు మార్చుకోమన్నాడు. గవర్నర్‌పేటలో కెమెరాలమ్మే జాన్సన్ అసలు రంగులే పట్టని కెమెరా ఒకటి చూపించాడు. ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మకానికి పెట్టింది. అందులో పడేది నలుపు తెలుపు మాత్రమేనట. మా ఆవిడ సంయుక్త ఆ మాట విని చాలాసేపు నవ్వింది. రంగులు వచ్చేదాన్ని వదిలేసి రాని దాన్ని కొనడమేమిటని అడిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని కూడా అంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెప్పింది నిజమేనేమోనని భయం కూడా వేసింది.

జాన్సన్ మంచివాడు. రెండు రోజులు వాడి చూసి అప్పుడు చెప్పమని కెమెరా చేతిలో పెట్టాడు. మర్నాడు కాలేజీ వరండాలో అదే గోడ ముందు అమలమ్మను నాలుగోసారి కూర్చోబెట్టాను. విసుక్కోకుండా కూర్చుంది. ఈసారి ఫోటో వేరేగా వచ్చింది. ముడతలన్నీ వేటికవి కనపడుతున్నాయి. కళ్లల్లో కిటికీ వెలుగు నిలిచింది. జుట్టు వెండిలా ఉంది. ఇంక కొనడమే అనుకున్నాను. కొత్తదాని గొప్ప తెలియాలని పాత చప్పటి ఫోటో కూడా ప్రింటు వేయించి, రెండూ పట్టుకుని సమాధుల తోటకు వెళ్లాను. రాతిపనివాడికి ఆ సాయంత్రమే ఫోటో ఇవ్వాలి, అమలమ్మ అక్కడే ఉంది.

మరియదాసు ఫోటో చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఒక్కసారి వచ్చి చూడాలని నాకు తోచలేదు.

అది నలుపు తెలుపు ఫోటో కాదు. రంగుల ఫోటో. అద్దం కింద ఇరవయ్యేళ్లు ఎండకు వెలిసి బూడిదైపోయింది. చొక్కా నీలం రంగుదని, వెనక స్టూడియో తెర ఎర్రగా ఉండేదని అమలమ్మ చెబితే తెలిసింది. ముఖం ఇంకా ఉంది, అంతే.

నేను కొత్త ఫోటో ముందుకు చాపాను. ఆమె దాన్ని ఆయన పక్కన పెట్టి చూసి తీసేసింది. పాతది పెట్టింది. రెండు బూడిద రంగు ముఖాలు కలిసిపోయాయి.

"ఇదే" అంది. "ఆయన ఇరవయ్యేళ్లు ఎండలో ఉన్నాడు మాస్టారూ. పక్కన నేను నీడపట్టున కూర్చున్నట్టు కనపడకూడదు."

మూడు నెలలుగా ఆమెకు కావలసింది నా దగ్గరే పెట్టుకుని, బాగాలేదని దాచాను. ఆమెను నాలుగుసార్లు కూర్చోబెట్టింది ఆమె కోసం కాదు, నా కోసం. ఆ సంగతి ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. సరే, పోనీ, కెమెరా సంగతి తేలిపోయింది, రేపు జాన్సన్‌కి ఇచ్చేద్దామనుకుని కొత్త ఫోటో సంచిలో పెట్టబోయాను.

అమలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కూడా ఇవ్వండి. ఇంట్లో పెట్టుకుంటా. అందులో నేను బతికి ఉన్నాను గదా" అంది.

ఇచ్చాను. కొంగుతో తుడిచి, ముఖం గీరుకుపోకుండా బైబిల్లో పెట్టుకుంది.

దారిలో జాన్సన్ ఫోన్ చేసి, ఏమనుకున్నారండీ అని అడిగాడు. ఇంకో రెండు రోజులు ఉంచుకోవచ్చా అన్నాను.