అరవై ఒకటో ఉత్తరం

నేను ఒక అంతరిక్ష రేవుకు కాపలా కాసే ముసలివాణ్ణి. ఆ రేవు నిజం కాదు, నేనూ నిజం కాదు. విశాఖపట్నంలో నలుగురు కలిసి తయారుచేసిన 'శనిరేవు' అనే కంప్యూటర్ ఆటలో పాత్రని. నన్ను రాసిన అమ్మాయి పేరు హైమవతి. పుట్టుకతోనే తెల్లగడ్డం పెట్టింది కాబట్టి నాకు వయసు మీద పడటం ఎవరికీ కనిపించలేదు. పద్దెనిమిదేళ్లు గడిచాయి.

ఆడేవాళ్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు దాచి అందజేయడం నా పని. అందరూ నన్ను తాతా అనేవారు. మనుషులు చిత్రమైనవాళ్లు, ఎదురుగా ఉన్నవాళ్లతో చెప్పలేని మాటలు నాలాంటి బొమ్మకు చెప్పుకుంటారు. అందుకు నాకు గర్వంగా ఉండేది. అసలు సంగతేమిటంటే, నా పెట్టెలో అరవై ఉత్తరాలకే చోటుంది. అరవై ఒకటోది వస్తే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది.

నూకరత్నం, పైడితల్లి శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉండేవారు. నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చుని ఒకే నౌక నడిపేవారు. పైడితల్లి ఎవరితోనో సినిమాకు వెళ్లిన సంగతి నూకరత్నం వార్డెనుకు చెప్పేసింది. పైడితల్లి తండ్రి వచ్చి ఆమె చదువు మాన్పించి ఊరికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఆమె ఫోన్ నంబరు పనిచేయలేదు. అప్పుడు నూకరత్నం నా దగ్గరికి వచ్చి ఒక ఉత్తరం పెట్టింది.

"ఒలే పైడీ, వార్డెనుకి చెప్పింది నేనే. తప్పు నాదే. వచ్చే ఆదివారం పది గంటలకి బస్సుల కాంప్లెక్సు కాడ ఉంటాను. వచ్చీవే."

ఆ వారమే కొత్త గ్రహం తెరిచారు. జనం ఎగబడ్డారు, ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. నూకరత్నం ఉత్తరం చెరిగిపోయింది.

శుక్రవారం పైడితల్లి వచ్చింది. "తాతా, నూకాలేమైనా రాసిందా?" అని అడిగింది.

నా దగ్గర అప్పుడు రెండు జవాబులున్నాయి. 'వెతికి చెబుతాను, మళ్లీ రండి' అన్నది ఒకటి. అది చెబితే నాకు మతిమరుపని అనుకుంటారు. రెండోది చెప్పాను.

"మీ కోసం ఎవరూ రాలేదమ్మా."

 ఆమె నౌకను నూకరత్నం పేరున రాసేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఏళ్లు గడిచి ఆడేవాళ్లు తగ్గిపోయారు, ఆట మూసేయాలని నిర్ణయించారు. హైమవతి నా పాత రికార్డులు సర్దుతుంటే, పెట్టెలో చెరిగిపోయిన ఆ ఉత్తరం నకలు, దాని కింద నా జవాబు బయటపడ్డాయి. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మర్చిపోయానని చెప్పడం నీకు నేర్పనేలేదు, తప్పు నాదే" అని, ఆ జవాబును కూడా నాలో చేర్చింది. నేను తలెత్తలేకపోయాను. వెతుకుతానని చెప్పడం నాకు తెలుసు కదా.

చివరి రోజు పాతవాళ్లు చూసిపోవడానికి వచ్చారు. వారిలో నూకరత్నం ఉంది. నౌక చుట్టూ తిరిగి నా ముందు నిలబడింది.

"తాతా, ఆరోజు పైడికి నా ఉత్తరం ఇచ్చావా?"

"ఇవ్వలేదమ్మా. పోగొట్టుకున్నాను. ఆమె వచ్చి అడిగితే ఎవరూ రాలేదని అబద్ధం చెప్పాను."



"సాయంత్రం దాకా కాంప్లెక్సులో కూకున్నాను. ఇన్నేళ్లూ దాన్నే తిట్టుకున్నాను తాతా" అని రాసింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ముసలాడినని వదిలేసినట్టుంది.

ఆమె వెళ్లిపోయింది. పైడితల్లి కూడా వస్తే నిజం చెబుదామని, దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతున్నా రేవు గుమ్మంలోనే నిలబడ్డాను. రాలేదు. ఎందుకు వస్తుంది? ఆమె కోసం ఎవరూ రాలేదని చెప్పి పంపింది నేనే కదా.