వరస చెదిరిన రోజు

"ఇంకా బిగించమ్మా. నిన్న అందరిలోకీ నా జడే వదులుగా ఉందన్నారు," అంది అక్‌జెమాల్.

ఓగుల్‌గెరెక్ కూతురి జుట్టుకు సవరం కలిపి రెండో జడ బిగించింది. రొట్టెలు తనే కాల్చాలి, అత్తగారికి మందు తనే ఇవ్వాలి, ఏడు కొట్టేసరికి తరగతి పిల్లల్ని తనే స్టేడియానికి తోలుకుపోవాలి. పండగ కవాతు పేరు చెప్పి బడిలో పాఠాలు ఆపేశారు. మైదానంలో దేశ నాయకుడి పేరులోని అక్షరాల్లా నిలబడి పూలగుత్తులు ఊపడమే ఇప్పుడు చదువు. "నీళ్ళు తాగనివ్వకండి టీచర్, మధ్యలో పాయిఖానా అంటారు," అని నిన్ననే చెప్పాడు హెడ్‌మాస్టరు. పిల్లల చేతుల్లోంచి సీసాలు లాక్కునే పని ఆమెది. అదే పైకి గొణిగింది.

"నీ జీతం మీదే ఇల్లు నడుస్తోంది, నోరు జాగ్రత్త," అన్నాడు మొగుడు దొవ్రాన్, చాప మీంచి లేవకుండానే. ఫ్యాక్టరీ మూసేసినప్పట్నించీ అతనికి ఆ చాపే లోకం. జీతమూ ఆమే తేవాలి, జాగ్రత్తా ఆమే పడాలి!

స్టేడియంలో ఎండ నడినెత్తికొచ్చేసరికి రెండో వరసలో ఎనెజాన్ కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. "అక్కా, వెళ్ళాలి," అంది ఏడుపు గొంతుతో. ఆ వరసకు సర్కారు యువదళం పెట్టిన నాయకురాలు అక్‌జెమాలే.

"నాయకుడి కోసం ఆ మాత్రం ఆపుకోలేవా? కదలకు."

కాసేపటికి పిల్ల ఆకుపచ్చ గౌను తడిసిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సిగ్గులేనిదానా! వరసంతా పాడుచేశావ్. వెనక్కి పో!" అని గద్దించింది అక్‌జెమాల్.

ఆ గద్దింపు ఓగుల్‌గెరెక్‌కు తెలుసు. కొత్త కోడలిగా, ఆనవాయితీ ప్రకారం తలగుడ్డ అంచు పళ్ళ మధ్య కరిచిపట్టి, అత్తమామల ముందు మాటన్నది లేకుండా బతికిన రోజుల్లో విన్నది. నొప్పులు పడుతుంటే, "ఓర్చుకో. నువ్వు అరిస్తే ఇంటి పరువు పోతుంది," అంది అత్తగారు. ఆ గుడ్డే కొరుక్కుంటూ ఈ పిల్లని కన్నది. కన్నది ఇందుకా? ఇంకో ఆడపిల్ల నోరు నొక్కడానికా? ఒళ్ళంతా మంటెత్తింది. ఆ మంట కూతురి మీద కాదు. దాని రొమ్ము మీద దళం బిళ్ళ గుచ్చి, పసిపిల్లల ఉచ్చకు కాపలా పెట్టినవాళ్ళ మీద. సీసాలు లాక్కున్న తన చేతుల మీద కూడా.

తలగుడ్డ విప్పి ఎనెజాన్ నడుముకు చుట్టింది.

"వెళ్ళాల్సినవాళ్ళు నాతో రండి!" అని గట్టిగా అరిచింది.

మైకు బూతులు తిట్టింది. ముందు ఇద్దరు, తర్వాత వరసంతా ఆమె వెనక పరిగెత్తారు. నాయకుడి పేరులో ఒక అక్షరం ఖాళీ అయింది. అక్‌జెమాల్ మాత్రం చూపు తిప్పకుండా అక్కడే నిలబడింది.

సాయంత్రం ఇల్లు భగ్గుమంది.

"రేపు పొద్దున్నే వెళ్ళి హెడ్‌మాస్టరు కాళ్ళు పట్టుకో," అన్నాడు దొవ్రాన్.

"తలగుడ్డ విప్పిందట, పదిమందిలో!" అని అత్తగారు చెంపలు వాయించుకుంది.

అక్‌జెమాల్ గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా, రేపు దళం సభలో నీ గురించి నన్నే మాట్లాడమన్నారు. నువ్వు ద్రోహివని... నేనే చెప్పాలట." ఏడవలేదు. ఏడవకూడదని నేర్పారు దానికి.

ఓగుల్‌గెరెక్ కూతురి దగ్గరికెళ్ళి ముఖం మీది దుమ్ము తుడిచింది.

"చెప్పమ్మా. భయపడకు. రేపు నేనూ వస్తాను. నువ్వు మాట్లాడి కూర్చున్నాక, నేను లేస్తాను."