రాతి ఎండ్రకాయల రసం

కొండమ్మ లెక్కలో ఎండ్రకాయలు మూడు జాతులు. వరిగట్లలో బొరియలు చేసేది బురద ఎండ్రకాయ, కూరకు తప్ప దేనికీ పనికిరాదు. చెరువు ఎండ్రకాయకు పెంకే తప్ప కండ ఉండదు. గుట్టల కింద వాగులో, రాళ్ల సందుల్లో ఉండే ఎర్రకాళ్ల రాతి ఎండ్రకాయ మాత్రం మందు. అంత తేటనీళ్లలో బతికే జీవిలో దోషం ఎక్కడుంటుంది? బొంరాస్‌పేట చుట్టుపక్కల గొర్రెలు కాసే ఇళ్లన్నింటిదీ ఇదే నమ్మకం. దాన్ని ప్రాణంతోనే రోట్లో దంచి, గుడ్డలో పిండి, పచ్చిరసం తాగించాలి. నిప్పు తగిలితే మందుగుణం పోతుందని పెద్దలు చెప్పారు, వీళ్లు విన్నారు.

ఆమె పెనిమిటి దేవప్పకు రెండేళ్లుగా దగ్గు. ఉమ్మితే ఇటుకపొడి రంగు. కొండమ్మ రెండేళ్లూ విడవకుండా రసం పోసింది, దగ్గు పెరిగినకొద్దీ మోతాదూ పెంచింది. ప్రేమకు కళ్లుంటే ఎంత బాగుండేదో! ఈ వానాకాలం ఆరేళ్ల కూతురు ఎంకమ్మ కూడా ఖళ్లుఖళ్లుమనేసరికి ఆమె గుండె జారిపోయింది. తండ్రి రోగం బిడ్డకు ముదరకముందే ఆపాలని దానికీ అరగిన్నె మొదలుపెట్టింది.

దేవప్ప ఇక లేవలేని స్థితికి వచ్చాక, 1961లో, బిడ్డను అత్త భీమమ్మకు అప్పగించి అతన్ని బస్సులో వికారాబాద్ తీసుకొచ్చింది. దవాఖానలో క్షయ అనుకుని మూడు వారాలు సూదులు వేశారు. గుణం కనబడలేదు. ఊరి పక్కనే ఉన్న అనంతగిరి వాగులోనూ ఎర్రకాళ్లవి దొరికాయి కనుక ఆమె మందు ఇక్కడా ఆగలేదు.

కొత్తగా వచ్చిన డాక్టరు కళ్లె పరీక్ష చేసి, ఏమేం తింటారని అడిగాడు. కొండమ్మ తడిగుడ్డ కప్పిన ఎండ్రకాయల కుండ తెచ్చి, తన మూడు జాతుల సంగతీ గర్వంగా చెప్పింది. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. ఎర్రకాళ్లదానికి ఆయన పుస్తకంలో మరో పొడుగాటి పేరుందట. దాన్ని కోసి, కండను భూతద్దం కింద పెట్టి, ఆమెను చూడమన్నాడు. తెల్లటి నలుసులు కనిపించాయి. అవి పురుగు పిల్లలనీ, పచ్చిగా మింగితే ఊపిరితిత్తుల్లో చేరి గూడు కట్టుకుంటాయనీ, ఉడికిస్తే చచ్చిపోయేవేననీ మెల్లగా చెప్పాడు.

కొండమ్మ కుండ మీద మళ్లీ తడిగుడ్డ కప్పేసింది. రెండేళ్లూ తన చేతులతోనే, బతిమాలి మరీ పోసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో ఇంకెవరైనా తాగారా అని డాక్టరు అడిగాడు. మంచం మీంచి దేవప్ప తల ఎత్తాడు.

“నేనొక్కన్నే తాగిన సారూ. నా పానం నిలవాలనే చేసింది, దాన్నేమనకుండ్రి.”

బిడ్డ సంగతి అతనికి తెలియదు. భయపడతాడని ఆమె చెప్పలేదు. ఇప్పుడూ చెప్పకుండా ఊరుకోవచ్చు. కొండమ్మ డాక్టరు కాళ్ల దగ్గర కూలబడింది.

“నా బిడ్డ తాగుతున్నది సారూ. రోజూ పొద్దుగాల పొయ్యమని అత్తకు చెప్పొచ్చిన. అది తాగనని ఏడుస్తది. ముక్కు మూసి పొయ్యమన్న.”