పీనుగ లేచేదాకా

ఎల్లన్న కిందపడగానే డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

నిజంగానే కొట్టాడు. గొడుగు కింద, ఫ్యాను గాలిలో, బుల్లితెర మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి లేచి నిలబడి మరీ కొట్టాడు. ఇంత సహజంగా చచ్చినవాణ్ని ఈ వారంలో చూడలేదనుకున్నాడు కాబోలు.

మొక్కజొన్న చేలో అరవై మంది వరసగా నడుస్తున్నారు. ఒంటినిండా బూడిద రంగు, మొలకు చిరుగుల గోనెగుడ్డ, చేతిలో అట్టకత్తి. తల వంచుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ నడవాలి. మధ్యమధ్య కొందరు పడిపోవాలి. పడినవాణ్ని ఎవడూ ముట్టుకోకూడదు. "కట్" వినపడేదాకా ఎవడూ ఆగకూడదు. పొద్దున్నే పడాల్సినవాళ్ళను ఏరి పక్కన నిలబెట్టి మరీ చెప్పారు. అందులో ఎల్లన్న లేడు.

ఆ సంగతి భోజన్నకు తెలుసు. ఎల్లన్న అతనికి సొంత అక్క మొగుడు, పక్క వరసలోనే నడుస్తున్నాడు. బావ పడిన చప్పుడు చెవిన పడింది. కాలు ఆగబోయింది. ఆగలేదు. భోజన్న నడిచిపోయాడు. వెనక వస్తున్న లక్ష్మణ్ కూడా నడిచిపోయాడు. ఒకరి వెనక ఒకరు, అందరూ ఎల్లన్నను దాటుకునే పోయారు.

రాతిగుండె మనుషులని అనుకోకండి. ఆగితే తిడతారు, అడిగితే గదమాయిస్తారు, ఎదురు చెబితే బిస్తరు సర్దుకోమంటారు. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన భయం అది. సొంతవాడు పడిపోయినా కాలు ఆగనంతగా పట్టింది.

"కట్" అన్నారు. పడ్డవాళ్ళంతా లేచి మట్టి దులుపుకున్నారు. ఎల్లన్న లేవలేదు.

వీళ్ళు సినిమావాళ్ళు కాదు. నిజామాబాదు, జగిత్యాల పల్లెల నుంచి వచ్చిన కూలీలు. దమ్మామ్‌లో గోడలకు ప్లాస్టరు చేసేవాళ్ళు, పైపులు దించేవాళ్ళు. అక్కడ పని మందగించగానే క్యాంపు బాస్ భూషణం అరవై మందిని బస్సులెక్కించి హాయిల్ దగ్గరి ఈ మొక్కజొన్న ఫారానికి తోలుకొచ్చాడు. నిచ్చెనలూ తట్టలూ కిరాయికిచ్చినట్టు మనుషుల్ని సినిమా కంపెనీకి ఇచ్చాడు. భూషణం పరాయివాడేం కాదు, ఆర్మూరువాడు. పండక్కి మటన్ పెట్టిస్తాడు, తమ్మీ అని భుజం తడతాడు, ఆ చేత్తోనే మెడ పట్టుకుంటాడు.

సౌదీలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని సర్కారు కట్టడి. మొదటిరోజే లక్ష్మణ్ ఆ మాట ఎత్తాడు.

"అరె, గది పనికిరా!" అని భూషణం నవ్వాడు. "ఇదేమన్న పనా? సిన్మా! నడుసుడు, పడుడు. మీ అయ్య పుణ్యాన తెర మీద కనవడుతున్నరు, ఇంకేం గావాలె?"

అందరూ నవ్వారు. ఎల్లన్న కూడా నవ్వాడు.

సినిమా హైతీ అనే దీవి గురించి. అక్కడి చెరుకు తోటల్లో చచ్చినవాళ్ళు లేచి తిరుగుతుంటారట, తెల్లవాళ్ళ పిల్ల ఒకతి వాళ్ళ బారి నుంచి తప్పించుకుంటుందట. చెరుకు ఇక్కడ పండదు కాబట్టి మొక్కజొన్ననే చెరుకనుకోవాలి. మనవాళ్ళను హైతీవాళ్ళు అనుకోవాలి. మాటతీరూ వేషాలూ సరిచూడటానికి అక్కడ పుట్టిన మిర్లాండ్ అనే ఆవిడను కెనడా నుంచి పిలిపించారు. ఆవిడేమో వచ్చిన మర్నాటి నుంచీ డైరెక్టరుతో కొట్లాటే.

ఒక మధ్యాహ్నం ఆవిడ బస్సు నీడలో కూలీల పక్కన వచ్చి కూలబడింది. సురేంద్రను పిలిచి తన మాటలు చెప్పమంది. సురేంద్ర రియాద్ మలాజ్‌లో ఉండే సినిమా కంపెనీ ఆఫీసు మనిషి, బెజవాడ కుర్రాడు.

"మేడమ్ ఏమంటున్నారంటే," అని మొదలెట్టాడు సురేంద్ర, "వాళ్ళ ముత్తాతల్ని ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చి చెరుకు తోటల్లో పడేశారంట. చస్తేనే రిలీఫ్ అనుకునేవాళ్ళంట. అందుకని వాళ్ళకి ఒకటే భయమండీ. చచ్చాక కూడా దొర సమాధిలోంచి లేపి మళ్ళీ పనికి తోలతాడేమో అని. ఆ భయంలోంచి పుట్టిందే ఈ నడిచే శవాల కథంట. సినిమాలోళ్ళు దొరని తీసేసి, శవాల్ని మాత్రం ఉంచుకుని, మమ్మల్నే భూతాల్ని చేశారు అంటున్నారు."

"మరి ఆ దొరనేం జెయ్యలేదా?" అన్నాడు లక్ష్మణ్.

మిర్లాండ్ ముఖం వెలిగింది. గబగబా చెప్పింది.

"చేశారంట. తోటలు తగలబెట్టారు. పదమూడేళ్ళు ఫైట్ చేసి, ఫ్రాన్స్ సైన్యాన్నే ఓడించి సొంత దేశం పెట్టుకున్నారంట."

"గది సిన్మాల లేదా?"

"స్క్రిప్టులో లేదండీ."

"ఎందుకుంటది? గది సూపెడితె మనమెట్ల నడుస్తం!" అన్నాడు లక్ష్మణ్.

భోజన్న ఆ రోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ విన్నాడు. ఎవరి గోడు వాళ్ళది అనుకున్నాడు. ఎక్కడి హైతీ, ఎక్కడి తమ మోర్తాడు ఊరు.

ఇప్పుడు ఎల్లన్న చేలో బోర్లా పడి ఉన్నాడు. సెట్టు మీది నర్సు మణికట్టు పట్టుకుని చూసింది, మెడ మీద వేలు పెట్టి చూసింది, లేచి నిలబడింది. తల అడ్డంగా ఊపింది. సురేంద్ర జేబులోంచి ఫోన్ తీశాడు. భూషణం ఉరికొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు సారూ! ఎవలకు జేస్తున్నవ్? ఈడ సచ్చిండని తెలిస్తె మధ్యాన్నం ఎండల నిలవెట్టినమని కంపెనీ మెడకు సుట్టుకుంటది. రూముకు తోల్కపోయి మంచం మీద పండవెడదాం. నిద్రల గుండె ఆగిందంటం. గంతే."

"అలా ఎలాగండీ, అది..."

"నీ ఆఫీసు కూడ గదే అంటది. అడుగు."

సురేంద్ర ఆఫీసుకే చేశాడు. కాసేపు విని ఫోన్ దించేశాడు. భూషణం చెప్పింది నిజమే.

"ఎత్తుండ్రిరా! ఏ భోజన్నా, కాళ్ళు పట్టు. మీ బావనే గదా," అన్నాడు భూషణం.

భోజన్న వంగి కాళ్ళు పట్టుకున్నాడు. చెప్పింది చేశాడంతే. ఏడుపు రాలేదు, కోపం రాలేదు, లోపలంతా మొద్దుబారిపోయింది. పట్టుకున్నవి బావ కాళ్ళని కూడా తోచలేదు. నలుగురూ మోసుకుంటూ చేను గట్టున ఆగిన బస్సు దాకా వచ్చారు. భూషణం వెనకబడి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. డ్రైవరు మహబూబ్ సుభాని తలుపు తియ్యలేదు. కడపవాడు, బస్సు మెట్టు మీద కూర్చుని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నేను తోల్నన్నా. పోయినేడు ఒకాయప్పను ఇట్టనే నా బండిలో ఎక్కిచ్చినారు. రూములో సచ్చిపోయినాడని రాసుకున్నారు. ఆ పొద్దు నుంచి నాకు కంటికి నిద్ర ల్యా. ఇంగ నా చేత గాదు."

"ఉద్యోగం పోతది సుభానీ!" అన్నాడు భూషణం.

"పోనీలే."

లోపల సీటు మీద ఫోన్ మోగుతోంది. వేషం వేసేటప్పుడు అందరి ఫోన్లూ అక్కడే వదిలేస్తారు. సుభాని తీసి చూసి భోజన్న చేతికిచ్చాడు. అక్క స్వర్ణ. బావను కింద పడుకోబెట్టి భోజన్న ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

"తమ్మీ, భూషణం సారు ఇప్పుడే చేసిండురా. బావ నిద్రలనే పానం ఇడిశిండట గదా," అంది స్వర్ణ. ఏడుస్తూనే అడిగింది. "తిప్పల వడలేదట గదా? మంచంల పండినోడు పండినట్టే పోయిండట గదా? గదొక్కటన్న జెప్పురా నాకు."

ఇంత నీచమా! శవం ఇంకా చల్లబడలేదు, ఊళ్ళో ఆడమనిషి చేతిలో అప్పుడే అబద్ధం పెట్టేశాడు. ఆమె దాన్నే పట్టుకుని వేలాడుతోంది. అవునని ఒక్క మాటంటే అక్కకు కాస్త నిద్ర పడుతుంది. భోజన్న నోరు తెరిచాడు.

"కాదక్కా," అన్నాడు. "ఎండల నడిపిచ్చి సంపిండ్రు. నా పక్కపొంటనే వడ్డడు. నేను ఆగలే. సూసుకుంట నడిశిపోయిన."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఏడున్నడిప్పుడు?" అంది.

"నా ముంగటనే. మట్టిల."

"ఒక్కణ్ణి ఇడిశిపెట్టకుండ్రి," అంది స్వర్ణ. "పీనుగ లేసేదాక కాడ కూసోవాలె. దొంగతనంగ రూముల్లకు మోస్తె నేనొప్ప. సర్కారోళ్ళు అచ్చి లేపని. ఏడున్నడో ఆడికెళ్ళే లేపాలె."

ఊళ్ళో పీనుగ ఉంటే అది లేచేదాకా, అంటే శ్మశానానికి కదిలేదాకా, వాడకట్టులో పొయ్యి ముట్టించరు. పనికి పోరు. మాలామాదిగా గొల్లాకాపూ అందరూ ఆ వాకిట్లో కూర్చుంటారు. ఇది చిన్నప్పటి నుంచీ చూసిందే. ఈ దేశంలో అడుగుపెట్టాక మరిచిపోయిందల్లా అదే. భోజన్న బావ పక్కన కూర్చున్నాడు. ఎవరివంకా చూడలేదు.

లక్ష్మణ్ వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే. పిలవలేదు, నినాదమూ లేదు. మిగిలిన బూడిద మనుషులందరూ ఆ చేను గట్టున శవం చుట్టూ చతికిలబడ్డారు.

"లెవ్వుండ్రిరా! ఈ దేశంల సమ్మె చేస్తె ఏమైతదో ఎరికేనా?" అని భూషణం అరిచాడు.

"సమ్మె ఎవడు జేస్తున్నడు?" అన్నాడు భోజన్న. "మా పీనుగ కాడ మేం కూసున్నం."

"ఓ పూటకే మా గొప్ప యాక్టర్లయిండ్రు! హురూబ్ పెడత! పారిపోయిండ్రని రాయిస్త! ఒక్కొక్కడు జైల్ల వడి కుళ్ళిపోతరు!"

"రాయించు. పారిపోయినోళ్ళు ఈడనే కూసున్నరని కూడ రాయించు," అన్నాడు లక్ష్మణ్.

కొందరు భయపడ్డారు, దాచేదేం లేదు. ఒకతను లేచాడు, "పెండ్లాం పిల్లలున్నరు అన్నా" అన్నాడు. "ఎల్లన్నకు లేకుండెనా?" అన్నారెవరో. అతను నిలబడి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. డైరెక్టరు మనుషులు బిర్యానీ పొట్లాలు తెచ్చి ముందు పెట్టారు. ఎవడూ ముట్టలేదు.

పక్క ఫారంలో పనిచేసే బంగ్లాదేశ్ కూలీలు కంచె దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ళూ అదే ఎండలో ఉన్నారు. వాళ్ళలో ఒకతను, పేరు జమాల్, కంచె మీంచి నీళ్ళ డబ్బా అందించాడు. "భాయ్, పానీ," అన్నాడు. భోజన్న ఆ నీళ్ళలో గుడ్డ తడిపి బావ ముఖం మీది రంగు తుడిచాడు. నుదురు, చెంపలు, మీసం. సినిమావాడి బూడిదంతా పోయి మోర్తాడు ఎల్లన్న ముఖం బయటపడింది. అప్పటిదాకా ఊరికే చూస్తున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు బోరుమన్నారు. భోజన్నకు మాత్రం ఏడుపు రాలేదు.

మిర్లాండ్ వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. సురేంద్ర దూరంగా అటూ ఇటూ తిరిగాడు, నాలుగుసార్లు ఫోన్ తీశాడు, లోపల పెట్టాడు. భూషణం అతనితో "పోలీసులొస్తె వీళ్ళు లొల్లి చేస్తున్నరని చెప్పు సారూ" అన్నాడు. ఆ మాటతో ఏమనిపించిందో, సురేంద్ర నేరుగా పోలీసుకు చేసి, ఫారం పేరు చెప్పి, షూటింగులో ఒక మనిషి చనిపోయాడని చెప్పేశాడు. తర్వాత వచ్చి గట్టు మీద వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

అంబులెన్సుతో ఆఫీసరు వచ్చాడు. భూషణం ఎదురెళ్ళి అరబ్బీలో దంచాడు. రూములో చనిపోయాడు, వీళ్ళు మోసుకొచ్చి గొడవ చేస్తున్నారు, ఇదంతా సినిమా యాక్టింగు అన్నాడు. మిర్లాండ్ లేచి ఆఫీసరును డైరెక్టరు తెర దగ్గరికి తీసుకెళ్ళింది. అది తమ ఆస్తి, చూపించేది లేదని డైరెక్టరు అడ్డం నిలబడ్డాడు. ఆఫీసరు పక్కకు జరగమన్నాడు. సాక్షిగా భోజన్ననూ పిలిచాడు.

తెర మీద మొక్కజొన్న చేను కదిలింది. వంచిన తలలు వచ్చాయి. ఎల్లన్న తూలాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, బోర్లా పడ్డాడు, ఒక చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఎత్తడం భోజన్న అప్పుడు చూడలేదు. తెర మీద భోజన్న వస్తున్నాడు, ఆ చేతి పక్కనుంచే దాటిపోతున్నాడు. ముఖంలో ఏమీ లేదు. దెయ్యం సినిమాకు ఇంతకన్నా మంచి దెయ్యం దొరకదు.

"వీడు యాక్టింగే చేస్తున్నాడు," అన్నాడు భూషణం అరబ్బీలో. "చూడండి, పక్కవాడు ఆగనైనా లేదు."

ఆఫీసరు భోజన్న వైపు తిరిగాడు. ఇది ఆటా, పనా అని అడిగాడు.

భోజన్నకు వచ్చిన అరబ్బీ పిడికెడు. అందులో ఉన్న మాటే అన్నాడు.

"షుగుల్." పని. "ఇది షుగుల్. నేను ఆగలేదు. ఆగితె తిడతరని ఆగలేదు. ఆయన పని మీద సచ్చిండు." తెలుగు మాటల్ని సురేంద్ర అరబ్బీలో చెప్పాడు.

వెనక నుంచి లక్ష్మణ్ అదే మాట అన్నాడు. గట్టు మీద కూర్చున్నవాళ్ళంతా అందుకున్నారు. కంచె అవతలివాళ్ళూ అన్నారు. ఆఫీసరు కాసేపు తెరనూ మనుషులనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత అంబులెన్సువాళ్ళకు చెయ్యి చూపి, చేలో, పనిలో, మధ్యాహ్నం అని వాళ్ళ చేత పైకి చదివించి మరీ రాయించాడు.

పీనుగ లేచింది. కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

న్యాయం జరిగిందని చంకలు కొట్టుకునేరు. అంబులెన్సు కదలగానే గుంపు కట్టినందుకు భోజన్ననూ, లక్ష్మణ్‌నూ, సుభానినీ, మరికొందరినీ వ్యాను ఎక్కించారు. భూషణం రోడ్డు మీద సిగరెట్టు ముట్టించుకున్నాడు. సర్కారు రెండు చేతులతోనూ పనిచేస్తుంది మరి.

లాకప్పులో మర్నాడు రొట్టె, పప్పు ఇచ్చారు. భోజన్న ఒక ముక్క తుంపి నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగుతుండగా ఎత్తిన చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడు ఏడ్చాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా, "బావా బావా" అని గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. లక్ష్మణ్ తల పట్టుకున్నాడు, ఊరుకోమని మాత్రం అనలేదు.

సాయంత్రం ఇనుప తలుపు తెరుచుకుంది. ఓ పాతిక మందిని లోపలికి తోశారు. అందరి కాళ్ళకూ పొలం మట్టి. ముందున్నవాడు జమాల్.

"తుమ్ లోగ్ క్యా కియా భాయ్?" అని అడిగాడు భోజన్న, మీరేం చేశారని.

"కుచ్ నహీ," అన్నాడు జమాల్. ఏమీ లేదు, మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కగానే అందరూ పారలు పడేసి కూర్చున్నారట, అంతే. ఇంకో ఫారంవాళ్ళు కూడా కూర్చున్నారట, వాళ్ళను తేవడానికి బండి మళ్ళీ పోయింది.

గదిలో కాలు చాపుకునే చోటు లేదు. భోజన్న ముఖం తుడుచుకుని లేచి, గోడకు ఆనుకున్నవాళ్ళను చేత్తో తట్టాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి," అన్నాడు. "ఇంక వస్తున్నరు."