గీత దగ్గర ఆగిన నీళ్లు

మా నాన్న శ్రీశైలం పినపాకలో గులాం రసూల్ సేటు బండి నడుపుతాడు. గని స్టాఫును మణుగూరు తీసుకెళ్లి తీసుకొస్తాడు. రెండు నెలలుగా ఆ బండిలో ఇంజనును చల్లబరిచే కూలెంటు తగ్గుతోంది. నాన్న రోజూ పొద్దున కూలెంటు డబ్బా మూత తీసి రెండు గ్లాసుల నీళ్లు పోస్తున్నాడు.

మెకానిక్ అతీక్ బండి కింద పడుకుని చూశాడు. ఒక్క చుక్క కూడా కారడం లేదు.

"బయట లేదంటే ఇంజనే తాగుతున్నది. ఇంజను పై భాగం, హెడ్డు విప్పాలె."

సేటు నాన్న వైపు తిరిగాడు. "హెడ్డు పోయిందంటే వేడెక్కినా ఆపకుండ నడిపినవన్నట్టే. గదే తేలితే బండి తాళం ఇంకొకరికి ఇస్త, శ్రీశైలం. ఆదివారం విప్పుదాం."

నాన్నకు యాభై మూడేళ్లు. ఈ వయసులో కొత్తగా ఎవరూ బండి ఇవ్వరు.

నేను కొత్తగూడెంలో మెకానికల్ చదివాను. మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వెళ్లింది నేనే. మంగళవారం నాన్నతో బండిలో అతీక్ షెడ్డుకు వెళ్లి, లీకు ఉంటే ముల్లు పడిపోయి చూపించే ప్రెషర్ పంపు అడిగాను.

"విప్పకుండనే చెప్తవా చెల్లె? కాలేజీల మంత్రం గిట్ల నేర్పిండ్రా?" అన్నాడు అతీక్.

"ముల్లు పడిపోతే మీరే విప్పుదురు, అతీక్ భాయ్."

డబ్బాకు పంపు బిగించి పావుగంట చూశాం. ముల్లు కదల్లేదు. ఇంజను ఆయిల్ మజ్జిగలా మారలేదు. పొగ గొట్టంలో తెల్ల పొగ లేదు. అంటే హెడ్డు బాగానే ఉంది. డబ్బాలో కూలెంటు మాత్రం రంగు పోయి, దాదాపు మంచినీళ్లలా ఉంది.

"నాన్నా, పొద్దున చూసేసరికి ఎందాక తగ్గుతది?"

ఆయన డబ్బా మీద వేలు పెట్టాడు. "ఈడిదాక."

"రోజూ ఇక్కడికేనా?"

"అవ్. ఇంతకన్న కిందికి పోలే."

లీకు రోజూ ఒకేచోట ఆగదు. నాన్న వేలు ఉన్నచోట ఒక గీత, దాని పక్కన ఇంగ్లిష్‌లో మ్యాక్స్ అని ఉంది.

"ఇది చూడలేదా?"

"చూసిన. నేను మొదలు తోలింది మ్యాక్స్ అనే జీపే గద బిడ్డా. దాని మీద గవే అక్షరాలు. ఆ జీపు డబ్బా తెచ్చి దీనికి పెట్టిండ్రనుకున్న."

అతీక్ పానా కింద పెట్టి నవ్వాడు. "నయం, డబ్బాకు హారన్ ఏదని అడగలే."

మ్యాక్స్ అంటే ఇంతకు మించి పోయొద్దని అర్థమని చెప్పాను. వేడికి కూలెంటు ఉబ్బుతుంది, దానికి ఖాళీ కావాలి. గొంతు దాకా నింపితే ఎక్కువైనది మూత సందులోంచి దారిలోనే పోయి ఆరిపోతుంది. తెల్లారేసరికి గీత దగ్గర నిలుస్తుంది.

"అంటే తగ్గిందనుకొని నేనే పోసి, నేనే పారబోసిన్నా?"

"అవ్ నాన్నా."

అతీక్ గొంతు తగ్గించాడు. "మూత పాడైంది, మార్చినం అని సేటుకు చెప్దాం. ఎవరికి తెలుస్తది?"

"వద్దు," అన్నాడు నాన్న.

పల్చబడ్డ కూలెంటు తీసేసి, కొత్తది గీత దాకా పోశాం. నాలుగు రోజులు మూత ముట్టొద్దని నాన్నకు చెప్పాను. ఆయన పొద్దున్నే బండి దగ్గరకు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని డబ్బా చూసి వచ్చేవాడు.

ఆదివారం సేటు స్వయంగా చూశాడు. కూలెంటు గీత దగ్గరే ఉంది.

"తప్పు నాదే సేటూ. గా రాత నాకు తెల్వలే," అని నాన్న జరిగిందంతా చెప్పాడు.

సేటు తాళం చేతిలో తిప్పుతూ విన్నాడు. తర్వాత డబ్బా మీదికి వంగాడు. "కింద గీత కాడ మిన్ అని ఉన్నది. గదేం జీపు?"

నాన్న నా వైపు చూశాడు. ఆయననే చెప్పనిచ్చాను.

"ఇంతకన్న కిందికి పోవద్దని, సేటూ," అన్నాడు తనే, నెమ్మదిగా.

సేటు తాళం ఆయన చేతిలో పెట్టాడు.