వెర్లీన్ జెముడికి చెయ్యి మొలిచింది

మా ఊరి పేరు సిల్వర్ క్రీక్. వెండి లేదు, వాగూ లేదు. ఆరిజోనా ఎడారిలో ఒకప్పుడు పత్తి చేలూ డెయిరీలూ ఉన్న చోట ఇప్పుడు మూడు పడగ్గదుల ఇళ్లున్నాయి. జనాభాలో చాలా నగరాలను ఎప్పుడో దాటేశాం గానీ, ఎవరైనా నగరమంటే మాకు కోపం వస్తుంది. మాది ఊరు. ఊళ్లో అయితే ఒకరికొకరు తెలిసి ఉంటారు కదా, అందుకని. చివరి ఆవు వెళ్లిపోయాక పెద్ద కూడలిలో కంచు ఆవును నిలబెట్టాం. పొద్దున్నే దాని చుట్టూ కార్లు తిరుగుతూ, బయటికి దారి కోసం వెతుక్కుంటూ ఉంటాయి.

మా వీధిలో ఇళ్లన్నీ ఒకే అచ్చు. రంగు మాత్రం ఎవరిష్టం వాళ్లది: ఇసుక రంగు, తడి ఇసుక రంగు, పాత ఇసుక రంగు. ప్రతి ఇంటి ముందూ ఒక సగ్వారో జెముడు ఉంటుంది, కరెంటు స్తంభంలా నిటారుగా. మొదట ఇక్కడ ఉన్నది ఒక్కటే. ఇళ్లు కట్టిన కంపెనీవాళ్లు దాన్ని చూసి ముచ్చటపడి, అలాంటివే తెచ్చి అందరి ముందూ పాతారు. ఆ మొదటిది వెర్లీన్ ప్రూయిట్ గారి వాకిట్లో ఉంది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆ జెముడికే చెయ్యి మొలిచింది, అంటే పక్క కొమ్మ.

ముందు బొడిపెలా లేచింది. కాలనీ అసోసియేషన్ ఓర్చుకుంది. తర్వాత అది బయటికి సాగి, మోచెయ్యిలా వంగి, ఎవరినో పిలుస్తున్నట్టు పైకి లేచింది. ఇక అసోసియేషన్ ఓర్చుకోలేకపోయింది.

అసోసియేషన్ వాకిళ్ల కమిటీలో ముగ్గురం. అధ్యక్షుడు గార్త్ ఆస్ట్‌లండ్, వెర్లీన్ గారి పక్కింటాయన. రెండోవాణ్ణి నేను. నా పని గార్త్ ప్రతిపాదించింది బలపరచడం. మూడో ఆయన ఎండలు తప్పించుకోవడానికి మిన్నెసోటా వెళ్లాడు. వెళ్లి చాలా కాలమైంది.

"వెర్లీన్ గారూ, మీ చెట్టుకి చెయ్యుందండీ," అన్నాడు గార్త్ మీటింగులో, ఎవరికో జబ్బు సంగతి చెప్తున్నట్టు.

"అదే మొలిచింది. నేను పెట్టలేదు."

"కాలనీ రూల్స్‌లో ఉన్న నమూనా బొమ్మలో చేతుల్లేవు."

"బొమ్మ గీసినప్పుడు దానికింకా వయసు రాలేదు. డెబ్బై ఏళ్లు దాటితే గానీ చెయ్యి రాదు వీటికి. ఈ కాలనీకి పట్టుమని పాతికేళ్లు లేవు."

"రేపు అందరి చెట్లకీ వచ్చేస్తే?"

"వస్తాయి. మీరూ నేనూ పోయాక."

"ఆ ఒక్క చెయ్యీ కోయించెయ్యండి."

"కోస్తే చెట్టు కుళ్లి చస్తుంది."

"అయితే పర్మిషన్ తీసుకుని చెట్టునే వేరే చోటికి మార్పిద్దాం."

"ఈ వయసులో వేళ్లతో పెకలిస్తే బతుకుతుందా? మిమ్మల్ని పెకలిస్తే మీరు బతుకుతారా?"

"నేను రెండుసార్లు ఇల్లు మారానండీ," అన్నాడు గార్త్.

వచ్చే గురువారం తేల్చేద్దామని ప్రతిపాదించాడు. నేను బలపరిచాను. వెర్లీన్ గారు నావైపు చూశారు. ఆవిడ బస్సులో వెనక సీట్లో అల్లరి చేసిన పిల్లల్ని అద్దంలోంచి ఎలా చూసేవారో నాకప్పుడు అర్థమైంది.

బుధవారం మంచు పడుతుందని టీవీలో చెప్పారు. మంచంటే మాకు పెద్ద సంగతి. సాయంత్రానికల్లా వీధంతా మొక్కల మీద పాత దుప్పట్లు, చిన్న జెముళ్ల నెత్తిన థర్మకోల్ కప్పులు. వెర్లీన్ గారు నిచ్చెనేసుకుని, లేత చెయ్యి చలికి మాడిపోతుందని, చేతినీ మానునూ కలిపి పువ్వుల దుప్పటి చుట్టేశారు. రేపు దాని బతుకేంటో తేలుతుందని తెలిసీ చుట్టారు. దూరం నుంచి చూస్తే అది కూడా నమూనా బొమ్మలో ఉన్నట్టే ఉంది.

చీకటి పడే వేళకు నేనూ మా ఆవిడ లోర్నా సరుకులు తెచ్చుకుని వచ్చాం. మా ఇల్లు గార్త్ ఇంటికి మూడిళ్ల అవతల. మా గరాజ్‌లో గార్త్ కారుంది. మా సోఫాలో గార్త్ ఉన్నాడు. బూట్లు విప్పేసి, టీవీ చూస్తూ, లోర్నా చేసిన ఎంచిలాడాలు, మెక్సికన్ రొట్టె చుట్టలు, తింటున్నాడు.

"మార్లిస్, సోఫా ఎవరు జరిపారు?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. మార్లిస్ అంటే వాళ్లావిడ. "ఎంచిలాడాల్లో మాత్రం ఇన్నాళ్లకి ఉప్పు సరిపోయింది."

"థాంక్సండీ," అంది లోర్నా.

గార్త్ తిరిగి చూశాడు. ముందు మమ్మల్ని, తర్వాత గోడను. "మీ పెళ్లి ఫోటో మా ఇంట్లో ఎందుకుంది?"

"మా ఇల్లు కాబట్టి," అన్నాను.

ఆయన ఫోర్కు కింద పెట్టాడు.

"లోపలికెలా వచ్చారు?" అంది లోర్నా.

"రిమోట్ పని చెయ్యలేదు. నంబరు నొక్కా, తలుపు తెరుచుకుంది."

తెరుచుకుంటుంది. ఇళ్లు అప్పగించినప్పుడు కంపెనీవాళ్లు గరాజ్ తలుపులన్నిటికీ ఒకే నంబరు పెట్టి, తాత్కాలికమని చెప్పారు. ఎవరూ మార్చలేదు.

"వీధిలోకి తిరిగేటప్పుడు చూసుకోలేదా?" అన్నాను.

"చూశా. చెయ్యి తర్వాతిల్లు మాది. ఇవాళ చెయ్యి రాలేదు. వస్తుందేమోనని ముందుకొచ్చా. చివరికి ఇదే మా ఇల్లనుకున్నా."

"రోజూ ఆ చెయ్యి చూసే ఇంటికెళ్తున్నారా?"

గార్త్ బూట్ల కోసం వెతుక్కున్నాడు. "ఎలా వెళ్తున్నానని ఎప్పుడూ అనుకోలేదు."

"ఇంటి నంబరు చూడొచ్చుగా?" అంది లోర్నా.

"నంబర్లు కూడా ఇసుక రంగే కదమ్మా," అన్నాడు. ఆ రూలు ప్రతిపాదించింది ఆయనే. బలపరిచింది నేను.

మర్నాడు మీటింగుకి వెర్లీన్ గారు దుప్పటి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గార్త్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"రూల్స్ ప్రకారం ఇంటికొక చిరునామా గుర్తు పెట్టుకోవచ్చు. ఆ చెయ్యి చెట్టులో భాగం కాదు, గుర్తు. దాన్నలాగే ఉంచాలని ప్రతిపాదిస్తున్నా."

"బోర్డనుకోండి, గుర్తనుకోండి. చెట్టు బతికుంటే చాలు," అన్నారు వెర్లీన్ గారు.

"ఒక షరతు. దుప్పటి కప్పే రోజు నాకు ముందుగా చెప్పాలి."

ఎందుకని ఆవిడ అడగలేదు. లోర్నా అప్పటికే ఫోన్ చేసి చెప్పేసింది. నేను బలపరిచాను.

ఒకరికి గుర్తుండి మిగతావాళ్లకి లేకపోతే వీధి అందం చెడుతుందని వేసవిలో అర్జీ వచ్చింది. ఇప్పుడు అందరి జెముళ్లకీ ఇనప చేతులున్నాయి. ఒకే కొలత, ఒకే వంపు, వెర్లీన్ గారి చెట్టు ఎటు చాపిందో అటే. నమూనా బొమ్మ కూడా మార్చాం.

మొన్న మంగళవారం మేమింటికొచ్చేసరికి గార్త్ మా సోఫాలో ఉన్నాడు. ఈసారి లోర్నా అడక్కుండానే ఆయనకి ప్లేటులో ఎంచిలాడాలు పెట్టింది.

"వెర్లీన్ గారి చెట్టుకి అటువైపు ఇంకో బొడిపె లేచింది, చూశారా?" అన్నాను.

"చూశా," అన్నాడు గార్త్, గొంతు తగ్గించి. "కమిటీలో ఎత్తకండి. తొందరగా పెరిగితే బాగుణ్ణు."

"చెయ్యవ్వాలంటే ఏళ్లు పడుతుందట. అప్పటిదాకా?" అంది లోర్నా.

గార్త్ ఖాళీ ప్లేటు లోర్నా ముందుకు జరిపాడు.